ముగ్గు దగ్గర భయం

మత్తు వైద్యం నేర్పే హైమవతి గారికి ఒక అలవాటు ఉండేది. ఆపరేషన్‌కి ముందు రోగిని చూడబోయినప్పుడు ‘భయపడకండి’ అన్న మాట ఆవిడ నోట వచ్చేది కాదు. ‘భయం ఎప్పుడెప్పుడు వేస్తుంది?’ అని అడిగేవారు.

శిష్యుడు ఫణీంద్రకు ఇది నచ్చలేదు. “ధైర్యం చెప్పాల్సింది పోయి భయాన్ని తవ్వుతారేంటి మేడమ్?” అన్నాడు. ఆవిడ అతన్ని వార్డుకి వెంటబెట్టుకెళ్లారు.

అక్కడ వరహాలమ్మ మంచం మీద కూర్చుని ఉంది. మర్నాడు ఆమెకు పిత్తాశయంలో రాళ్లు తీయాలి. బీపీ బాగానే ఉందనీ, కాస్త కంగారు మనిషనీ ఫణీంద్ర అప్పటికే తేల్చేశాడు.

“మా ఆవిడ ఉత్త పిరికిదండీ. ఊరికే గుండె దడంటుంది, చెమటలంటుంది,” అన్నాడు భర్త.

“బల్లిని చూసి మంచమెక్కేది ఈయనండి. దొడ్లో పాముని కొట్టింది నేను,” అంది వరహాలమ్మ.

“మరి భయం ఎప్పుడు వేస్తుందమ్మా?” అన్నారు హైమవతి గారు.

ఆమె సిగ్గుపడింది. “చెప్తే నవ్వుతారు. ముగ్గేసేటప్పుడండి.”

ఫణీంద్ర నవ్వాడు. హైమవతి గారు నవ్వలేదు.

“ఇదుగో, ఇలా వంగానంటే...” అంటూ వరహాలమ్మ మంచం దిగి వంగనే వంగింది. వద్దనేలోగా ముఖం పాలిపోయింది, ఒళ్లంతా చెమట పట్టింది. గబగబా కూర్చోబెట్టి చూస్తే బీపీ రెండువందల ముప్ఫై. కాసేపటికి దానంతటదే దిగిపోయింది.

మర్నాటి ఆపరేషన్ ఆగిపోయింది. స్కానింగ్‌లో కిడ్నీ పైన నిమ్మకాయంత కణితి కనిపించింది. వంగినప్పుడల్లా అది నలిగి, బీపీని ఎగదోసే రసాన్ని రక్తంలోకి వదులుతోంది. ఆ సంగతి తెలియకుండా మత్తిచ్చి కత్తి పెట్టి ఉంటే ఆమె బల్ల మీదే పోయేదేమో. పిరికిది అన్న పేరు మాత్రం మిగిలేది.

కొన్ని వారాలు మందులు వాడి బీపీని అదుపులోకి తెచ్చాక, కణితి తీసే రోజు వచ్చింది. వరహాలమ్మ భర్తను కసురుకుంటూ లోపలికి వెళ్లింది. ఫణీంద్ర థియేటర్ తలుపు దగ్గరే ఆగిపోయాడు.

“మేడమ్, నాకు భయంగా ఉంది.”

“ఎప్పటినుంచి?”

“ఆ కణితిని కదిపితే ఏమవుతుందో తెలిసినప్పటినుంచి.”

ఆవిడ అతని మాస్కు సరిచేశారు.

“అయితే అది జబ్బు కాదు, భయమే. పద,” అన్నారు.