తంబూర తేడాగా మోగిన ఉదయం

శేషమాంబ గారికి ఒక అలవాటు. శిష్యురాళ్ళు సంగీతానికి సంబంధం లేని ప్రశ్న ఏదడిగినా వెంటనే బదులివ్వరు. తంబూర చేతికిచ్చి, "ముందు మీటు," అంటారు.

ఒక కార్తిక మాసపు ఉదయం హైమ అడిగింది అలాంటి ప్రశ్నే. "అమ్మా, నా స్నేహితురాలొకతె ఉంది. నా ఈడుదే. స్నానం చేస్తుంటే రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలిందట. నెలకోసారి తడిమి చూసుకోండి, మార్పు తెలిస్తే చూపించుకోండి అని కాలేజీకొచ్చిన నర్సు చెప్పింది. కానీ దానికి నొప్పేమీ లేదు. ఇంత చిన్న వయసులో క్యాన్సరు రాదనీ అంటారు. నొప్పే లేనప్పుడు డాక్టరు ముందు రవిక విప్పడమెందుకమ్మా?"

గోదావరి మీది మంచు అరుగుదాకా వచ్చి ఆగింది. శేషమాంబ గారు లోపలికెళ్ళి, తంబూర తెచ్చి హైమ ఒళ్ళో పెట్టారు. హైమ కళ్ళు మూసుకుని మీటింది. పక్కనున్న మరో శిష్యురాలు కాత్యాయని షడ్జం అందుకుంది. నాదం మంచులోకి పాకి, కనబడని అవతలి ఒడ్డును తాకి తిరిగొస్తున్నట్టుంది. అది నదిదో తీగదో కాసేపు ఎవరికీ తెలియలేదు.

ఉన్నట్టుండి హైమ వేళ్ళు ఆగాయి. "ఏదో తేడాగా ఉందమ్మా."

"నాకేం వినపళ్ళేదే," అంది కాత్యాయని. "దీనివి పాము చెవులమ్మా!"

హైమ కళ్ళు తెరవకుండానే తడిమింది. ఒక తీగ కింద నాదం కుదరడానికి పెట్టే దారప్పోగు రవ్వంత పక్కకు జరిగి ఉంది. జరిపింది శేషమాంబ గారే.

"ఎలా తెలిసిందే నీకు?" అని అడిగారావిడ.

"రోజూ నా భుజానికి ఆనుకునే కదమ్మా మోగేది. నిన్న ఇలా లేదు."

"తీగ తెగలేదుగా. తెగాక చెబితే పోయేది."

"తెగాక చెప్పడమేంటమ్మా!" అని హైమ నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

హైమ తంబూరను గోడకు ఆనించి, చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, "స్నేహితురాలు కాదమ్మా," అంది. "నాకే. దసరా ముందు నుంచీ ఉంది. ఇంట్లో కూడా చెప్పలేదు."

శేషమాంబ గారు కాత్యాయనిని ఆటో పిలవమని, చెప్పులు వెతుక్కున్నారు. "గడ్డలన్నీ అదే కావు. ఇది ఏదో నీకూ తెలీదు, నాకూ తెలీదు. తెలిసినవాళ్ళు చూస్తారు."

హైమ అరుగు మీదే నిలబడిపోయింది. "భయమేస్తోందమ్మా."

"వెయ్యనీ," అన్నారావిడ మెట్లు దిగుతూ. "దాన్నీ వెంటబెట్టుకుని రా."