చుక్కి మెడలో మూగ గంట

ఓబులమ్మ పశువుల దొడ్డికీ, ఆమె అలసంద మడికీ మధ్య అడ్డం ఒక్క తడికే. ఆ తడిక మేకకు కోటగోడ. చుక్కి అనే ఆవుకు మాత్రం అన్నం గిన్నె మీద మూత. ఆకలేస్తే కొమ్ముతో ఎత్తి పక్కన పెట్టేది.

దాని దొంగబుద్ధి తెలిసే ఓబులమ్మ దాని మెడలో ఇత్తడి గంట కట్టింది. అక్కడే పప్పులో కాలేసింది. మడి దొడ్డిని ఆనుకునే ఉందాయె! చుక్కి దొడ్లో నెమరేసినా గణగణే, మడిలో అలసందలు బుక్కినా గణగణే. వంటింట్లో రొట్టెలు తడుతూ ఓబులమ్మ, "గంట మోగుతాండాది, నా చుక్కి ఈడనే ఉండాది" అని మురిసిపోయేది.

మరి మడి మేసిందెవరని ఓబులమ్మ వెతికితే? దానికీ ఉపాయం ఉంది. చుక్కి కడుపు నింపుకుని, తడిక మళ్లీ ఆనించి, కునుకు తీస్తున్న ముసలి కర్రెద్దు కొమ్ముకు ఒక అలసంద తీగ తగిలించి వచ్చేది. కర్రెద్దుకు గంట లేదు మరి. బుద్ధిమంతుడికి గంటెందుకని కట్టలేదు.

"ముసలితనంలో ఇదేం పోయేకాలం రా నీకు? ఇంకోసారి మడి తొక్కితే సంతకు తోలేస్తా!" అంది ఓబులమ్మ ఆ తీగ పీకి పారేస్తూ.

కర్రెద్దు ఆ పూట గడ్డి ముట్టలేదు. పుట్టినప్పటినుంచీ ఈ దొడ్డే దాని లోకం.

"జరిగింది సెప్పేయి మామా!" అంది మేక.

"మన మాట ఆమెకు అర్థమైతేనా! ఆ గంటతోనే సెప్పిస్తా, సూడు."

మర్నాడు కర్రెద్దు చుక్కి పక్కన చేరింది. "పిల్లా, నీ తెలివి తెలివే. కానీ ఆ గంట ఎప్పుడో నీ కొంప ముంచుతాది."

"ఎట్ల మామా?"

"దొంగతనానికి పోతా ఎవురన్నా డప్పు కట్టుకుంటారా? తొట్టి కాడ మంచి బురద ఉండాది సూడు."

"అవునే! నాకు తట్టనేలేదే!" చుక్కి మోకాళ్ల మీద కూలబడి గంటను బురదలో కుక్కింది. లేచి మెడ ఊపింది. చప్పుడు లేదు. మేక నవ్వాపుకోలేక గడ్డిలో మూతి దూర్చేసింది.

"మామా, నువ్వు దేవుడివి!" అంటూ చుక్కి తడిక ఎత్తి మడిలో దూరింది.

వంటింట్లో ఓబులమ్మ రొట్టె పెనం మీద వేసి చెవి రిక్కించింది. గంట లేదు! "అయ్యో, నా చుక్కిని ఎవురన్నా తోలుకపోయినారో ఏమో!" అని పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. ఎదురుగా చుక్కి. నోట్లో ఒక తీగ, కర్రెద్దు కోసం కొమ్మున ఇంకో తీగ, మెడలో బురదముద్ద!

"ఓసి నంగనాచీ! నువ్వా!"

పాదుల చుట్టూ చుక్కి, చుక్కి చుట్టూ ఓబులమ్మ. పెనం మీద రొట్టె మాడి బొగ్గయింది.

సాయంత్రానికి చుక్కి మెడలో గుదికర్ర వేలాడింది. అడుగేస్తే మోకాళ్లకు టకటకా తగిలే మొద్దు అది. కర్రెద్దు ముందుకు గంపెడు తవుడు వచ్చింది. ఓబులమ్మ దాని గంగడోలు నిమిరి, "తప్పయిపోయింది నాయనా" అంది.

చుక్కి ఏడుపు మొహంతో అడిగింది. "గంట మూయమంది నువ్వే కదా మామా!"

కర్రెద్దు తవుడు నములుతూ అంది. "గంట మూయమన్నా పిల్లా, నోరు తెరవమన్నానా?"

నీతి: దొంగను పట్టించేది చప్పుడు కాదు, ఆ చప్పుడును దాచబోయిన అతితెలివి.