తుమ్మ మొద్దుకు నాలుగు చుట్లు

దగ్గరికి జరగండి అమ్మా, అయ్యా. వెనక నిలబడ్డవారు కూడా వచ్చి కూర్చోండి. ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు.

కొండవార ఒక ఆశ్రమంలో చిదంబరయ్యగారనే గురువు ఉండేవారు. ఏది అడిగినా వెంటనే బదులివ్వడం ఆయనకు అలవాటు లేదు. ఒకనాటి పొద్దున పరాంకుశం అనే శిష్యుడు అడిగాడు: "స్వామీ, బండి లాగినా, తిరగలి తిప్పినా మన బలంలో కొంత రాపిడికే పోతోంది. అన్నీ ఇచ్చిన భగవంతుడు ఈ దండగ ఎందుకు పెట్టాడు?"

"ఉండు నాయనా, చూద్దాం" అన్నారు గురువుగారు.

ఆ రోజే ఆశ్రమం బావిలో పూడిక తీయించాలి. అరవై అడుగుల లోతు. అడుగున నీళ్ళు లేవు, బండలు తేలి ఉన్నాయి. ఓబులేసు అనే కూలీ నడుముకు తాడు కట్టుకుని దిగసాగాడు. గట్టు మీద పాతిన తుమ్మ మొద్దుకు ఆ తాడు నాలుగు చుట్లు తిరిగి, పరాంకుశం చేతుల్లోకి వచ్చింది. ఎంత వదిలినా మొద్దు దగ్గర పట్టేస్తోంది. తాడును ముందుకు నెట్టి నెట్టి అతని చేతులు లాగేశాయి. సగం లోతులో ఓబులేసు ఒక రాతి మీద కాలూని ఆగగానే, తాడు సడలింది. పరాంకుశం మూడు చుట్లు విప్పేశాడు.

పక్కనే ఉన్న ఓబులేసు భార్య నాగులమ్మ చూసింది. "ఏంది సామీ ఆ పని? దిగేది నా మొగుడు, బొక్కెన కాదు!"

"ఒక్క చుట్టు చాలమ్మా. తాడూ అరగదు, పనీ తొందరగా అవుతుంది."

ఓబులేసు రాతి మీంచి కాలు తీశాడు. తాడు బుసకొట్టింది. పరాంకుశం అరచేతుల చర్మం ఊడి వచ్చింది, అయినా తాడు ఆగలేదు. జపం చేసుకుంటున్న గురువుగారు ఒక్క ఉదుటున లేచి, పరాంకుశం వెనక వదులుగా పడి ఉన్న తాడును ఎత్తి మొద్దుకు ఒక చుట్టు వేశారు, ఇంకో చుట్టు వేశారు. నాగులమ్మ కొస పట్టుకుని వెనక్కి వాలింది. కట్టె కీచుమంది, పొగ లేచింది. తాడు ఆగింది.

బావిలోంచి ఓబులేసు గొంతు వచ్చింది: "సామీ! నన్ను పూడిక తీసేదానికి దింపుతాండారా, మోక్షానికా?"

నాగులమ్మ నవ్వింది. కొస వదలకుండానే నేల మీద కూలబడి ఏడ్చింది.

గురువుగారు శిష్యుణ్ణి మొద్దు దగ్గరికి పిలిచారు. అతని మణికట్టు పట్టుకుని, వేళ్ళ వెనక వైపు మొద్దుకు ఆనించారు. చురుక్కుమంది.

"ఓబులేసుకు తగలవలసిన దెబ్బ ఇదే. రాపిడిలో వేడిగా మారి ఇటు వచ్చింది."

పరాంకుశం తల దించుకుని అడిగాడు: "ఇంత వేడి ఉంది కదా స్వామీ, ఇదే అతన్ని పైకి తేగలదా?"

"దాని వల్ల కాదు నాయనా. కట్టెలోకి, తాడులోకి, గాలిలోకి చెదిరిపోయింది. దాన్ని మళ్ళీ పోగుచేసే చేతులు మనకు లేవు. పైకి మనమే లాగాలి. పట్టు."

ఇళ్ళకు వెళ్ళాక ఒక్కటి తలచుకోండి తల్లీ: చర్మం ఊడిన ఆ చేతులతోనే పరాంకుశం తాడు పట్టాడు, ఓబులేసు గట్టెక్కేదాకా వదల్లేదు. ఆ సంగతి మీవాళ్ళకు ఒక్కసారి చెప్పండి.