చక్రాల ఆచారి పాక

దివాను గారి తోట మూలమీద వారానికి రెండుసార్లయినా ఎడ్లబళ్లు గుద్దుకునేవి.

"బళ్లవాళ్లంతా తాగుబోతులు. కొరడాతో నాలుగు తగిలించండి!" అన్నాడు దివాను.

ఆ మూలమీదే పాకలో విరిగిన చక్రాలు బాగుచేసే లింగాచారి ఆ మాట విన్నాడు. చేతులు కట్టుకుని, "అయ్యగారూ, ఊళ్లో పది కూడళ్లున్నాయి. తాగినవాడు అన్నిట్లోనూ తిరుగుతాడు. మరి నేను పాక ఇక్కడే ఎందుకు వేసుకున్నానంటారు?" అని అడిగాడు.

దివాను తన తోట గోడకేసి చూశాడు. ఏనుగెత్తు గోడ, పక్కదారిలో వచ్చే బండి ఎవరికీ కనపడదు. మర్నాడే దాన్ని నడుమెత్తుకి దించేయించాడు. కొరడా మాట మళ్లీ ఎత్తలేదు.

నెల తిరిగేసరికి పనిలేక లింగాచారి పాక పీకి, సామాను సంత కూడలికి మోయసాగాడు. అది దివాను చూశాడు.

"ఆగవయ్యా ఆచారీ! నువ్వు గుంజ పాతకముందే అక్కడేం అడ్డొస్తోందో చూసొస్తాను!" అంటూ పరుగెత్తాడు.