నక్క నడుముకున్న సీసా

మిరపకాయలు ఆరబోసిన కళ్లంలో చుక్కమ్మ అనే కోడిపెట్ట ఆ మధ్యాహ్నం గింజలు ఏరుకోవడం కూడా మరిచిపోయింది. కళ్లానికీ గూటికీ మధ్య జిల్లేడు పొదల దారి ఉంది. ఆ దారి మలుపులోనే వారంలో ఆమె పిల్లలు ఇద్దరు మాయమయ్యారు. మిగిలింది అయిదుగురు. పొద్దు వాలేలోగా వాళ్లను గూటికి చేర్చాలి.

సరిగ్గా అప్పుడే కాలవ గట్టు మీద గుణశేఖరం అనే నక్క పెప్పర్ స్ప్రేల అంగడి తెరిచాడు. పేరులో మిరియం ఉన్నా అలాంటి సీసాల్లో ఉండాల్సింది మిరప ఘాటే. పేరుకీ సరుకుకీ పొంతన లేకపోవడం లోకంలో కొత్తేమీ కాదు లెండి. నక్క మాంసం మానేసి అంగడి పెట్టాడంటే ఎవరైనా కాస్త ఆలోచించాలి. చుక్కమ్మా ఆలోచించింది. కానీ పిల్లల భయం ముందు ఆ ఆలోచన ఎంతసేపు నిలుస్తుంది? తోడుగా ముసలి ఎద్దు మైలన్నను తీసుకుని బయల్దేరింది. మైలన్న పదేళ్లు కారం మిల్లుకు బండి లాగినవాడు. ఒక్క రేణువు ముక్కుకు తగిలినా గట్టు అదిరేలా తుమ్ముతాడు.

"రా చెల్లెమ్మా! పిల్లల సంగతి విన్నాను. ఎవడో పొరుగూరి నక్క అయి ఉంటాడు" అంటూ గుణశేఖరం కళ్లు తుడుచుకున్నాడు. "ఇదిగో, ఇది సన్నధార, దూరం పోతుంది. ఇది పొగలా కమ్ముతుంది, గురి అక్కర్లేదు. ఇది జిగురు, అంటుకుంటే వదలదు."

"పొగ రకం వద్దమ్మాయ్" అన్నాడు మైలన్న నెమరు వేస్తూ. "గాలి ఎదురు తిరిగితే నీ కళ్లే పోతాయి. ఏది కొన్నా సంచి అడుగున పడేయకు. చేతికందేలా పెట్టుకో."

"అది సరే తాతా, అసలు ఘాటుందో లేదో ఎలా తెలిసేది? నా నాలుకకు కారం తెలియదాయె!"

కోడిజాతికి కారం తెలియదు. చిలకలూ అంతే, పండుమిరపను జామపండులా తినేస్తాయి. గుణశేఖరం ధైర్యమంతా అదే.

"నీ నాలుకతో పనేముంది చెల్లెమ్మా? నా మొహం మీదే చూసుకో!" అని మూడు సీసాలూ తన మొహం మీదే చిమ్ముకున్నాడు. "అబ్బా! చచ్చాను! కళ్లు పోయాయి!" అంటూ గట్టు మీద పొర్లాడు.

చుక్కమ్మ జడుసుకుంది. గాలివాలున నిలబడ్డ మైలన్న మాత్రం తీరిగ్గా నెమరు వేస్తున్నాడు.

"తాతా, నువ్వు తుమ్మలేదేం?"

"రాలేదమ్మా. ఇటుకపొడి నీళ్లకు తుమ్మెలా వస్తుంది?"

గుణశేఖరం ఇంకా గట్టిగా ఏడుస్తూ, ఇంకా గట్టిగా పొర్లాడు. అంతలో నడుముకు కట్టుకున్న చిన్న సీసా ఊడి చుక్కమ్మ కాళ్ల దగ్గర పడింది. మూత దగ్గర ఒక్క బొట్టు జారింది. అంతే, మైలన్న తుమ్మిన తుమ్ముకు అంగడి తడిక కూలింది.

"ఇదేమిటన్నయ్యా?" అంది చుక్కమ్మ, సీసాను కాలితో అదిమిపట్టి.

ఏడుపు టక్కున ఆగింది. "అది అమ్మకానికి కాదు! ఊరకుక్కలు వెంటపడితే వాడుకుందామని… నా సొంతానికి."

"అయితే నాకూ ఇదే కావాలి. మీ మొహం మీద ఒక్కసారి చూసుకోనా? ఇందాక మూడు చూపించారుగా!"

"వద్దు వద్దు! దాన్ని ఇటు తిప్పకు!" అని వెనక్కి గెంతాడు. మరుక్షణం మంచితనం ముసుగు తీసేసి, కోరలు బయటపెట్టి మీదికి దూకాడు.

"గాలి తిరిగింది, ఇప్పుడు మన వెనకే ఉంది, నొక్కమ్మాయ్!" అని అరిచాడు మైలన్న.

చుక్కమ్మ నొక్కింది. ఈసారి గుణశేఖరానికి "చచ్చాను" అనే తీరిక కూడా లేదు. తుమ్ముతూ, దగ్గుతూ, దారి కనపడక పోయి పోయి కాలవలో పడ్డాడు.

ఆ సాయంత్రం ఎండ ఉండగానే అయిదుగురు పిల్లలూ జిల్లేడు మలుపు దాటి గూటికి చేరారు. సీసా చుక్కమ్మ రెక్క కిందే ఉంది.

అమ్మేవాడు పొగిడే సరుకు కాదు, తన కోసం దాచుకున్న సరుకు చూసి కొనుక్కోవాలి.