గవ్వలదీవిలో ఎన్ని ఇళ్ళు పడ్డాయి?

గవ్వలదీవిలో భూమి కంపించిందని తెలిసిన మర్నాడు, అది ఎంత పెద్ద కంపమో చూసి రమ్మని రేవు పెద్దలు యాసీన్‌ని పంపారు. అతను చెప్పేదాన్ని బట్టి పడవలు సాయానికి వెళ్తాయి, లేదంటే చేపల వేటకి వెళ్తాయి. ఇంత పెద్ద పని తనకి అప్పగించినందుకు యాసీన్ కాళ్ళు నేల మీద ఆగడం లేదు. అతని గురువు జమాల్ ఫకీరు, నేనూ వస్తానంటూ పడవెక్కాడు.

దీవి చేరాక యాసీన్ ఒక్క గడపా వదలకుండా తిరిగాడు. ఉన్నవి నలభై తాటాకు పాకలు. తాటాకు పాక ఊగుతుంది గానీ కూలుతుందా?

చివరి పాకలో ముసలి పోలమ్మ వాళ్ళకి చాప పరిచింది.

"ఇళ్ళేమైనా పడ్డాయా?" అడిగాడు యాసీన్.

"లేదు బాబూ."

"ఎవరైనా పోయారా?"

"లేదు బాబూ."

అడిగినదానికి జవాబు చెప్పి, కొంగు మెలిపెడుతూ ఓ పక్కన నిలబడింది.

"పెద్ద కంపమేం కాదు బాబా," అన్నాడు యాసీన్, గొంతు తగ్గించి. "మనుషులే మర్యాద తెలియనివాళ్ళు. ఇన్ని ఇళ్ళు తిరిగానా, చెంబుడు నీళ్ళిచ్చినవాళ్ళు లేరు."

ఫకీరు పోలమ్మ వైపు తిరిగాడు. "దాహంగా ఉందమ్మా. కాసిన్ని నీళ్ళిస్తావా?"

ఆమె ముఖం పాలిపోయింది. తలవంచుకుని లోపలికెళ్ళి, చెంబు తెచ్చి రెండు చేతులా అందించింది.

ఫకీరు ఒక గుక్క తాగి చెంబు శిష్యుడికిచ్చాడు. యాసీన్ నోట్లో పోసుకున్నాడు. మింగలేకపోయాడు. ఉప్పు కషాయం.

"ఉన్నదొక్కటే నుయ్యి బాబూ. కంపానికి అడుగు పగిలిపోనాది, సముద్రం లోనికొచ్చేసినాది," అంది పోలమ్మ, ఏడుపు ఆపుకుంటూ. "పిల్లలు ఇయ్యే తాగతన్నారు. గుమ్మంలోకొచ్చినోళ్ళకి ఎలగియ్యను? సిగ్గేసినాది."

యాసీన్ సిగ్గుతో చచ్చిపోయాడు. పడవ దగ్గరికి పరిగెత్తి, తమ దారికని తెచ్చుకున్న మంచినీళ్ళ కుండ మోసుకొచ్చి ఆమె ముందు దించాడు. తిరుగు ప్రయాణంలో ఇద్దరికీ పెదవులు ఎండిపోయాయి.

రేవులో పెద్దలు మోకాలి లోతు నీళ్ళలోకి దిగి ఎదురొచ్చారు. "ఎన్ని ఇళ్ళు పడ్డాయయ్యా?"

"ఒక్కటీ పడలేదు."

హమ్మయ్య అనుకుని పడవ నడిపే సరంగు సింహాచలం వల భుజానికెత్తుకున్నాడు. యాసీన్ అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"వల దించన్నా. పడవల నిండా మంచినీళ్ళెక్కించండి. ఇప్పుడే."

"కంపం మొన్ననే ఆగిపోయిందిగా?"

"లేదన్నా," అన్నాడు యాసీన్. "ఇంకా ఆగలేదు."