చుక్కలు తీసేసిన కంబగిరి

కంబగిరికి తెలివి ఎక్కువ. ఆ సంగతి ఆశ్రమంలో అందరికంటే ముందు కంబగిరికే తెలుసు.

తుంగభద్ర ఒడ్డున ఉసేనయ్య స్వామి ఆశ్రమం అది. తత్వాలు పాడేవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి అక్కడికి వస్తారు. ఆ తత్వాల్లో కొన్ని అందరూ వినేవి, కొన్ని గురువు శిష్యుడి చెవిలో మాత్రమే చెప్పేవి. పాడేవాళ్ళు ముసలివాళ్ళవుతున్నారు. పాటలు వాళ్ళతోనే పోకూడదని స్వామి వాటిని రికార్డు చేయించాలనుకున్నారు. ఎవరో భక్తుడు పాత కంప్యూటర్ ఒకటి ఇచ్చాడు. అందులో బొమ్మల్లేవు, మౌసు లేదు. నల్లతెర, తెల్ల అక్షరాలు, అంతే. మనం టైపు చేస్తే అది జవాబిస్తుంది.

దానికి ప్రోగ్రాం రాసింది కంబగిరి. కంప్యూటర్లో పాడేవాళ్ళు ఒక్కొక్కరికి పాటలు దాచుకునే ఒక్కో పెట్టె, పెట్టెకో పాస్‌వర్డ్. పాస్‌వర్డ్ కొడుతుంటే అక్షరాలు కనపడకుండా, అక్షరానికో చుక్క చొప్పున పడేది.

వంటింటి సుంకన్న పక్కన నిలబడి ఆ చుక్కలు లెక్కపెట్టాడు.

"మద్దిలేటి తాతకు పడినవి మూడే చుక్కలప్పా. ఆయప్ప ఎద్దు పేరు కాక ఇంకేముంటాది?"

నిజంగానే ఎద్దు పేరు. తాత గుట్టుగా దాచుకున్న తత్వం మర్నాడు పొద్దున వంటింట్లో దోసెల చప్పుడు మధ్య మోగింది. తాత చేతికర్ర పుచ్చుకుని సుంకన్నను పెరడంతా తరిమాడు. చూసినవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు గానీ కంబగిరికి మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఆ పూటే చుక్కలన్నీ తీసేశాడు. ఇక ఏ మీట నొక్కినా తెర మీద ఏమీ పడదు. "ఇప్పుడు బ్రహ్మదేవుడొచ్చి పక్కన కూర్చున్నా కనుక్కోలేడు" అని కనపడిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

అప్పుడు సవారమ్మ అవ్వ వచ్చింది. ఆమె గొంతులో ఉన్న తత్వాలు ఇంకెవరి దగ్గరా లేవు. నేర్పిన గురువు పోయాడు, కూడా నేర్చుకున్నవాళ్ళూ పోయారు. స్వామే కబురు పెట్టి పిలిపించారు.

కంబగిరి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాడు. "మనసులో ఒక మాట అనుకుని కొట్టవ్వా. ఎవురికీ చెప్పొద్దు."

పెద్దయ్యాక నేర్చుకున్న అక్షరాలు. అవ్వ ఒక మీట వెతికి నొక్కింది. తెర వైపు చూసింది. ఏమీ లేదు. గట్టిగా నొక్కింది. బొటనవేలితో నొక్కింది.

"నాయనా, ఇది సచ్చిపోయినట్టుంది."

"బాగానే ఉందవ్వా, కొట్టు."

"కొడతానే ఉండా. ఇది ఉలకదు, పలకదు."

"అట్లే ఉండాల. అది కట్టుదిట్టం!"

ఆ మాట రెండుసార్లు కొట్టాలి, రెండూ ఒకటే కావాలి. ఎన్ని మీటలు పడ్డాయో, ఏది రెండుసార్లు పడిందో అవ్వకేం తెలుస్తుంది? తెర మీద తెల్లగా పడింది: "తప్పు. మళ్ళీ కొట్టండి." మళ్ళీ కొట్టింది. మళ్ళీ తప్పు.

అవ్వ లేచింది. "ఇంతసేపూ మూగనోము పడతాది, నోరు తెరిస్తే తప్పంటాది. నా పాట దీనికి అక్కర్లేదు నాయనా. మధ్యాన్నం బస్సుకు పోతా." మూట కట్టుకోవడం మొదలుపెట్టింది.

ఆమె బస్సెక్కితే ఆ పాటలూ ఎక్కుతాయి, మళ్ళీ దిగవు. కంబగిరి స్వామి దగ్గరికి పరిగెత్తాడు. స్వామి పెరట్లో కూర్చుని విత్తనానికి వేరుసెనక్కాయలు ఒలుస్తున్నారు.

"స్వామీ, అవ్వ అలిగి పోతాంది. ఎంత చెప్పినా వినదు. మీరన్నా చెప్పండి."

"ఏం జరిగింది?" అన్నారు స్వామి.

కంబగిరి మొదలుపెట్టాడు. సుంకన్న సంగతి, ఎద్దు సంగతి, తను చేసిన కట్టుదిట్టం, అన్నీ హుషారుగా చెప్పుకొచ్చాడు. స్వామి తలెత్తలేదు. కాయలు చిట్లుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

చెప్పేవాడికి ఊఁ కొట్టేవాడు ఉండాలి. లేకపోతే మనవైపు పసిపిల్లకు కథ చెప్పే ముసలమ్మ కూడా నోరు మూసుకుంటుంది. కంబగిరి కొంచెం గొంతు పెంచాడు. చెప్పిందే మళ్ళీ చెప్పాడు. ఇవతలికొచ్చి స్వామి ముఖం కనపడేట్టు కూర్చున్నాడు. అవ్వ దాకా వచ్చేసరికి మాట తడబడింది. ఎక్కడిదాకా చెప్పాడో మరిచిపోయాడు.

"స్వామీ... వింటాండారా?"

కాయ చిట్లింది.

"నేనేమన్నా తప్పు మాట్లాడినానా?"

ఇంకో కాయ.

కంబగిరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లేచి నిలబడ్డాడు.

అప్పుడు స్వామి తలెత్తి, అతను చెప్పిందంతా పొల్లుపోకుండా అప్పజెప్పారు. దోసెల చప్పుడు, తాత చేతికర్ర, బ్రహ్మదేవుడితో సహా.

"అంతా వింటాండారు కదా! మరి ఒక్క ఊఁ కొడితే మీ సొమ్మేం పోయింది స్వామీ?"

"అవ్వ కూడా అదే అడుగుతాంది రా" అన్నారు స్వామి.

కంబగిరికి నవ్వొచ్చింది. సిగ్గూ వచ్చింది. ఊఁ అన్నది వస్తుంది, పోతుంది, చుక్కల్లా వరుస కట్టి కూర్చోదు. వెనక్కి చూడకుండా కంప్యూటర్ గదిలోకి పరిగెత్తి ప్రోగ్రాం మార్చాడు.

అవ్వ మూట ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చుని ఉంది.

"ఒక్కసారి రా అవ్వా."

"మళ్ళీ తిట్టిపిచ్చనీకా?"

"రా అవ్వా, నీకు దండం పెడతా."

వచ్చింది. ఒక మీట నొక్కింది. నల్లతెర మీద చుక్క ఒకటి తళుక్కుమని వెంటనే మాయమైంది. అవ్వ చప్పున వేలు వెనక్కి తీసుకుంది. ఇంకోటి నొక్కింది. మళ్ళీ అదే చోట వచ్చి, పోయింది. అవ్వ బోసినోరు తెరిచి నవ్వింది. సరదాకని ఇంకోటి నొక్కబోయి ఆగింది. మాట గుర్తు తెచ్చుకుని, ఒక్కో మీటకీ తలాడిస్తూ చివరిదాకా కొట్టింది. రెండోసారీ కొట్టింది. ఈసారి తప్పు అని రాలేదు.

వాకిట్లో మెడ సాచి నిలబడ్డ సుంకన్నను చూసి మద్దిలేటి తాత కర్ర సవరించుకున్నాడు. "ఎన్ని చుక్కలు రా?"

"ఒక్కటే తాతా" అన్నాడు సుంకన్న దిగాలుగా. "వస్తాంది, పోతాంది."

గదంతా నవ్వులు. అవతల రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. అవ్వ తల తిప్పలేదు.

"నాయనా, నా మాట ఏందో నీకు తెల్సిందా?"

"లేదవ్వా."

"నేను కొట్టినట్టు తెల్సిందా?"

"తెల్సిందవ్వా."

"నాక్కావాల్సింది అంతే కదప్పా" అని అవ్వ మూట విప్పి పాటకు వేసే కంచు తాళాలు బయటికి తీసింది.